అక్క చట్రం నిండేదాకా

మైకుసెట్టు వాడికి నిశ్శబ్దమంటే భయం. పెళ్ళిలో పాట ఆగిందంటే పందిట్లో వాళ్లంతా పెళ్ళికొడుకును వదిలేసి నా వంక చూస్తారు. జాతరలో గొట్టం స్పీకరు మూగబోతే అమ్మవారికి కోపమొచ్చిందని ఎవరూ అనరు, వైరు నేను సరిగా కట్టలేదంటారు. కోవిల్‌పట్టిలో కొట్టు పెట్టి ముప్ఫై ఏళ్లు దాటింది. కడంబూరు నుంచి ఎట్టయాపురం దాకా ఎక్కడ శబ్దం ఆగినా లేచి పరిగెత్తడమే నా పని. ప్లగ్గు పీకాలి, మళ్లీ పెట్టాలి, మైకును వేలితో తట్టాలి, హలో హలో అనాలి. నిద్రలో ఫ్యాను ఆగినా నా చెయ్యి ప్లగ్గు కోసం గోడంతా తడుముతుందని మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పి పెట్టింది. కాదని ఒట్టు వేసేంత ధైర్యం నాకు లేదు.

అలాంటివాణ్ణి తీసుకొచ్చి, ఊరుకోవడం కూడా వాయించడమేనని చెప్పే సంగీతంలో కూర్చోబెట్టారు. ఆ పాపం టీచరమ్మది.

టీచరమ్మది గుంటూరు వైపు. భర్త ఉద్యోగం మూలంగా ఇటు తమిళం వైపు వచ్చి, విరుదునగర్‌లో ఒక కాలేజీలో ఫిజిక్సు చెబుతోంది. ఒకరోజు పొద్దున నా కొట్టుకు వచ్చింది. నేను తుడిచి వరసగా పెట్టిన ఆంప్లిఫయర్ల వైపు కన్నెత్తి చూడలేదు. వెనకాల గోనెపట్టా కప్పి ఉన్న దాన్ని చూపించి అదేమిటని అడిగింది. ఆ పట్టా కింద ఉన్నది నా పరువు. లోపల కెపాసిటర్లు పోయి, స్విచ్చి వేసినప్పటి నుంచి గుంయ్‌మని మూలిగే పాత ఆంప్లి అది.

"అది పాడైపోయినాది అమ్మా. దాన్ని చూడొద్దండి" అన్నాను.

"పాడైన తీరు బాగుందండీ. నాకు ఇదే కావాలి" అంది.

బేరం ఆడుతోందేమో అనుకున్నాను. కాదు, నిజంగానే దాని ముందు కూర్చుని, పాట వింటున్నట్టు తలొంచి ఆ మూలుగును వింది. తర్వాత సంచిలోంచి ఒక టేపురికార్డరు తీసింది. క్యాసెట్టులోని టేపును కత్తిరించి, రెండు కొసలూ అతికించి, పెన్సిలు చుట్టూ తిరిగేలా చేసింది. మా బస్టాండులో కండక్టరు వేసిన ఒక్క ఈలే మళ్లీ మళ్లీ వస్తోంది. మెల్లగా తిప్పితే అదే ఈల ఏనుగు నిట్టూర్పులా ఉంది. మామూలు వస్తువుల శబ్దాన్ని కరెంటులోకి పంపి, సాగదీసి, ముక్కలు చేసి మళ్లీ గదిలోకి వదలడం ఈ సంగీతమట. ముందుగా రాసుకున్నది ఏదీ ఉండదు. పక్కవాళ్లు చేసేది విని అప్పటికప్పుడు జవాబివ్వాలి, అంతే.

మా ఇంట్లో మేం మాట్లాడే తెలుగు వినగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. "మా ముత్తవ్వ ఇలా మాట్లాడేదని చెబుతారండీ" అంది. ఆవిడ బస్సెక్కి వెళ్లిపోయాక మా ఆవిడ తన తీర్పు చెప్పింది.

"ఆయమ్మ మాట్లాడేది టీవీలో వార్తల మాదిరి ఉండాది. అర్థమవుతాది, అయితే మనతో మాట్లాడినట్ల లేదు."

ఈ అక్షరాలు నాకు నేర్పింది ఆ టీచరమ్మే. నోటితో తెలుగు, బడిలో తమిళం మాది. తెలుగు చదవడం రాయడం యాభై దాటాక పట్టుబడింది. ఇందులో తప్పులు దిద్దింది ఆవిడ, దిద్దనివ్వకుండా ఉంచుకున్నవి నావి.

ఆదివారాలు పొద్దున నా కొట్టు వెనకున్న గోదాములో కూర్చునేవాళ్లం. టీచరమ్మ టేపు తిప్పేది. నేను పాత ఆంప్లికి మైకు తగిలించి, ఆ మైకును గొట్టం స్పీకరుకు ఎదురుగా పట్టుకునేవాణ్ణి. అలా పట్టుకుంటే మైకు కీచుమంటుందని మైకుసెట్టు వాళ్లకు పుట్టగానే తెలుస్తుంది. ఆ కీచు రాకుండా ముప్ఫై ఏళ్లు కాపలా కాశాను. ఇప్పుడు దాన్ని పిలిచి, దగ్గరికీ దూరానికీ జరుపుతూ బుజ్జగించి, ఒక స్వరం మీద నిలబెట్టడం నా వంతు. నిజం చెప్పాలంటే బాగా వచ్చింది. వీధిలో కుక్కలు తప్ప అందరూ ఒప్పుకున్నారు.

ఒక్కటే తంటా. నేను ఆగలేను. టీచరమ్మ టేపు ఆపి ఊరుకుందంటే నాకు గుండె దడ. ఏదో ఒకటి వేసేవాణ్ణి, కీచో మూలుగో. అదీ లేకపోతే మైకును తట్టేవాణ్ణి.

"అన్నా, కాసేపు ఆగండి. ఏమీ చేయకుండా వినండి" అనేది టీచరమ్మ.

"వింటానే ఉండాను అమ్మా" అనేవాణ్ణి, తడుతూనే.

మా అక్క ఇందులోకి వచ్చింది చాటతో. నాకంటే నాలుగేళ్లు పెద్దది, మా పక్కింట్లోనే ఉంటుంది. పెసలు చెరుగుతూ గోదాము గుమ్మంలో కూర్చునేది. ఒక ఆదివారం టీచరమ్మ ఉన్నట్టుండి వెనక్కి తిరిగి కళ్లు మూసుకుంది. అప్పుడు నాకూ వినిపించింది. మేం గోల చేస్తున్నంతసేపూ అక్క చాట కదలడం లేదు. మేం తగ్గగానే పెసలు సర్‌మని ఒక్కసారి జారుతున్నాయి, మళ్లీ ఆగుతున్నాయి. మా సందుల్లో అక్క వాయిస్తోంది. ఎంతకాలం నుంచి వాయిస్తోందో మేం గమనించలేదు.

అక్క బతుకంతా అగ్గిపెట్టె ఆఫీసులో గడిచింది. మా ఊళ్లో ఫ్యాక్టరీ అనరు, ఆఫీసు అనే అంటారు. అక్కడ అక్క పని చట్రంలో, మా మాటలో సట్టంలో, పుల్లలు పేర్చడం. మందు ఇంకా అంటని పుల్లలు, గాడి గాడికి ఒకటి చొప్పున ఒక బద్ద మీద పరవాలి. దాని మీద ఇంకో బద్ద పెట్టాలి, మళ్లీ పుల్లలు, మళ్లీ బద్ద. పైదాకా నిండాక మర బిగించి, అరచేత్తో చట్రాన్ని రెండుసార్లు తట్టాలి. నిండిందని దానర్థం. ఆ రెండు తట్లు వినబడితేనే ఎవరైనా వచ్చి చట్రం తీసుకుపోతారు. నిండని చట్రాన్ని ఇంకొకరు ముట్టుకోరు. మేస్త్రీ కూడా ముట్టుకోడు. ఆడవాళ్లు పెట్టుకున్న మర్యాద అది, ఏ గోడ మీదా రాసి ఉండదు.

టీచరమ్మ అడిగిందని పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి ఒక చట్రం పట్టుకొచ్చాను. ఇప్పుడు ఆఫీసుల్లో యంత్రాలు వచ్చేశాయి గనుక చేతి చట్రాలు పొయ్యిల్లోకి పోయాయి. ఇది దొరకడమే గొప్ప. అక్క దాన్ని ఒళ్లో పెట్టుకుంది. తిప్పి తిప్పి కుడివైపు కింది మూల చూసింది.

"ఇది నాది కాదురా" అంది.

"అన్నీ ఒకటే గదక్కా. సట్టమంటే సట్టమే" అన్నాను నేను. అక్క పుల్లలు ఎక్కడని అడిగింది.

నాణెమంత ఇత్తడి బిళ్ళకు రెండు వైర్లు కట్టి చట్రానికి అతికించాను. కాంటాక్టు మైకు అంటారు దాన్ని. గాలిలోని శబ్దం దానికి పట్టదు, తాను అంటుకున్న వస్తువు వణుకే పట్టుకుంటుంది. అక్క గుప్పెడు పుల్లలు బద్ద మీద పరవగానే స్పీకర్లోంచి వాన మొదలైంది. అరచేత్తో సమం చేస్తే ఆ వాన దూరం జరిగింది. బద్ద మీద బద్ద పడినప్పుడు వచ్చిన టక్కుకు గోదాము తలుపు అదిరింది. టీచరమ్మ కళ్లల్లో నీళ్లు. మా ఆవిడ మాత్రం, "ఈ సద్దును వదిన ఇరవై ఏండ్లు వింటా ఉండిందే, అప్పుడెవురూ ఏడవలేదు" అంది.

అక్క ఒకే ఒక్క షరతు పెట్టింది. మా అక్క మాటకూ మాటకూ మధ్య ఒక ఊపిరి తీసుకుంటుంది. మా ఇంట్లో మిగతావాళ్లం ఊపిరి తీసుకునేటప్పుడు కూడా మాట్లాడతాం.

"మీరిద్దురూ మీ పాటికి మీరు వాయించుకోండి. … నా వంతు వచ్చినాక … నా సట్టం నిండేదాంక ఎవురూ కలగజేసుకోగూడదు. రెండు తట్లు తట్టినాకే … ఇంగ ఏమైనా."

టీచరమ్మ సరేనంది. అక్క చూస్తున్నది ఆవిడ వైపు కాదు.

నా సంగతి నేనే చెప్పుకోవాలి. చిన్నప్పటి నుంచీ అక్క మొదలుపెట్టిన మాటను నేను ముగించేవాణ్ణి. కొట్లో ఏం కావాలో నేను చెప్పేవాణ్ణి. బడిలో ఎందుకు ఆలస్యమైందో నేను చెప్పేవాణ్ణి. డాక్టరు నొప్పి ఎక్కడని అడిగితే అక్క నోరు తెరిచేలోపు మోకాలన్నాను. ఇంటికొచ్చి పది రోజులు మోకాలికి మందు రాసుకుంది. నొప్పి భుజంలో అని ఆ తర్వాత మా ఆవిడ కనిపెట్టింది. ఇదంతా ప్రేమ అనే నేను అనుకునేవాణ్ణి. ప్రేమే, అందులో అబద్ధం లేదు. కాకపోతే అక్కకు ఆ ప్రేమలో నోరు మెదిపే చోటు దొరకలేదు.

అన్నిటికంటే పెద్దది ఆఫీసు సంగతి. చేతిపని ఎత్తేసి యంత్రం పెట్టినప్పుడు, పేర్చే ఆడవాళ్లను సాగనంపడానికి ఒక చిన్న సభ పెట్టారు. మైకుసెట్టు నాదే. యజమాని మంచి మనిషి. చేతులు జోడించి, ఎవరైనా ఏదైనా చెప్పాలనుకుంటే చెప్పండమ్మా అన్నాడు. ఎవరూ లేవలేదు. మా అక్క లేచింది. గర్వంతో నాకు ఛాతీ ఉబ్బిపోయింది, మైకు తీసుకుని పరిగెత్తాను. అక్క మైకు పట్టుకుని "అయ్యా" అంది. ఆగింది. స్పీకర్లలో ఏమీ లేదు. జనం చూస్తున్నారు. మెల్లగా మైకు వెనక్కి తీసుకుని, "సంతోషంతో మా అక్కకు మాట రావడం లేదు, అందరి తరఫునా నన్రి" అని తమిళంలో ధన్యవాదాలు చెప్పి ముగించేశాను. చప్పట్లు కొట్టారు. అక్క కూర్చుంది. నేను సాయం చేసినందుకు సంతోషించిందనుకున్నాను.

కాబట్టి షరతు ఎవరికో నాకు తెలుసు. గుండె మీద చెయ్యేసుకుని మాటిచ్చాను.

మొదటిసారి జనం ముందు వాయించింది కోవిల్‌పట్టిలోనే, పెళ్ళిళ్లు లేని రోజున ఒక కళ్యాణమండపం భోజనాల హాల్లో. అదే పొరపాటు. భోజనాల హాలు అనగానే మా చుట్టాలు ఆకలితో వచ్చారు. మేం వాయించడం మొదలుపెట్టి చాలాసేపయ్యాక మా మేనమామ పక్కవాణ్ణి అడగడం నాకు స్పష్టంగా వినిపించింది.

"ఎప్పుడు మొదలుపెడతారు?"

"మైకు సరిచేస్తా ఉండారు మామా. అయినాకే మొదలు" అన్నాడు పక్కవాడు.

అక్క వంతు వచ్చింది. నేనూ టీచరమ్మా ఆపేశాం. అక్క పుల్లలు పరిచింది, సమం చేసింది, బద్ద పెట్టింది. వాన, దూరపు వాన, టక్కు. హాలు కొంచెం సర్దుకుంది. సగం చట్రం నిండి ఉంటుంది, అక్క చెయ్యి ఆగింది. ఒక గాడిలో రెండు పుల్లలు పడ్డాయట, వేలికొసతో ఒకదాన్ని తీస్తోంది. అది నాకు కనబడలేదు. నాకు వినబడిందల్లా ఏమీ లేకపోవడం. మా మేనమామ నా వైపు తిరిగాడు. అతని పక్కవాడు తిరిగాడు. ముప్ఫై ఏళ్లుగా నన్ను తరిమిన చూపు అది.

ఏం చేశానో నాకు తెలిసేలోపే చేసేశాను. ఒక్క ఉరుకులో వెళ్లి ప్లగ్గు పీకి పెట్టాను. నిండని చట్రాన్ని అక్క ఒళ్లోంచి పైకెత్తి బిళ్ళను గోరుతో తట్టాను. నా మైకు తీసుకుని, "హలో, హలో, మైక్ టెస్టింగ్, ఒండ్రు, రెండు, మూండ్రు" అన్నాను. హాలంతా చప్పట్లు. ఆ సాయంత్రం వాళ్లకు అర్థమైన మొదటి సంగీతం అదే. అంతటితో ఆగానా? ఆగలేదు. "మా అక్క కొంచెం భయపడినాది, మన్నించండి" అని కూడా అన్నాను.

అక్క చట్రం నా చేతుల్లోంచి తీసుకుంది. మర వదులు చేసి, పేర్చిన పుల్లలన్నీ డబ్బాలోకి ఒంపేసింది. డబ్బా మూత పెట్టింది. చుట్టాలు పకోడీ వాసన కోసం మెట్ల వైపు చూస్తుండగా తాను మెట్లు దిగి వెళ్లిపోయింది.

మూడు ఆదివారాలు గోదాముకు రాలేదు. ముందే ఒప్పుకున్న రెండో వాయింపు విరుదునగర్‌లో, ఆ రోజు దగ్గర పడుతోంది. టీచరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. నేను మా ఆవిడ చేత అక్కకు కబుర్లు పంపాను. నాలుగో కబురుకు మా ఆవిడ చేతిలోని గరిటె కింద పెట్టింది.

"మీ అక్కతో మాట్లాడేదానికి గూడా మీకు మైకు కావాల్నా? మీరే పోయి చెప్పండి."

వెళ్లాను. అక్క బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను మొదలుపెట్టాను. మేనమామ చూపు గురించి చెప్పాను, ప్లగ్గు గురించి చెప్పాను, భోజనాల హాలు తీసుకోవడమే తప్పన్నాను, నా చేతులకు పట్టిన అలవాటు గురించి చెప్పాను. అక్క ఒక రాయి ఏరి పక్కన పెట్టేంతలో నేను మూడు సంజాయిషీలు చెబుతున్నాను. చివరికి నాకే విసుగొచ్చి ఆగాను.

"నువ్వు చెప్పేది అయినాదా?" అంది అక్క.

"అయినాది."

ఇంకా నాలుగు రాళ్లు ఏరింది.

"విరుదునగరానికి వస్తా. … నా సట్టం నిండకుండా నువ్వు లేస్తివా … ఇంగ నీతో కూసోను. వాయించేదానికే కాదు."

అక్క బెదిరించే మనిషి కాదు, అన్నదంటే చేస్తుంది. యాభై ఏళ్లు దాటిన తోబుట్టువుతనం ఒక చట్రం నిండేంతసేపు నేను కూర్చోగలనా లేదా అన్న దాని మీదికి వచ్చి ఆగింది.

విరుదునగర్‌లో వాయించింది ఒక పాత పప్పు గోదాములో, ఆదివారం మధ్యాహ్నం. గోడలకింకా కందిపొడి అంటుకుని ఉంది. టీచరమ్మ విద్యార్థులు పాతికమంది దాకా వచ్చారు. పక్క గోదాములో మూటలు మోసే వాళ్లు కూడా పని లేని పూట కదా అని వచ్చి గోనెసంచుల మీద కూర్చున్నారు. చుట్టాలకు ఈసారి నేను చెప్పలేదు. మూలన ఒక స్టాండు ఫ్యాను పెద్ద చప్పుడుతో తిరుగుతోంది.

మొదలుపెట్టే ముందు మా ఆవిడ నన్ను పక్కకు పిలిచింది. రెండు చేతుల్లోనూ రెండు పెద్ద స్టీలు గ్లాసులు, అంచుదాకా నీళ్లు.

"మీ వాయింపు అయినాక ఈ రెండూ పట్టుకొని కూసోండి. లేస్తే ఒలుకుతాది. మీ కింద కరెంటు వైర్లు ఉండాయి. ఒలికితే ఏమవుతాదో మీకు తెలుసు గద."

నా వృత్తిని నా మీదికే ఉసిగొల్పింది. నన్ను కట్టేసేందుకు అంతకంటే గట్టి తాడు లేదని ఆమెకు తెలుసు.

నేనూ టీచరమ్మా వాయించాం. కండక్టరు ఈల ఏనుగై, ఏనుగు గాలై, నా కీచు దాని మీద సన్నగా నిలబడి, రెండూ మెల్లగా అణిగిపోయాయి. మా ఆవిడ వచ్చి నా చేతుల్లో గ్లాసులు పెట్టి వెళ్లింది. విద్యార్థులు కొందరు ముందుకు వంగారు, తర్వాతి వాయిద్యం అదేననుకుని.

అక్క మొదలుపెట్టింది. పప్పు గోదాము రేకుల కప్పు కింద ఆ వాన ఇంకా బాగా కురిసింది. ఒక బద్ద, రెండో బద్ద, మూడోది. అక్క ఆగినప్పుడల్లా గ్లాసుల్లో నీళ్లు వణికాయి గానీ ఒలకలేదు. సగం దాకా అలా గడిచింది. ఆ తర్వాత అక్క చట్రాన్ని కొంచెం తన వైపు జరుపుకుంది. టప్‌మని ఒక చిన్న చప్పుడు. స్పీకర్లు చచ్చిపోయాయి.

కరెంటు పోతే వచ్చే నిశ్శబ్దం వేరు, వైరు ఊడితే వచ్చేది వేరు. నా చెవులు ఇందులో పొరబడవు. ఇది వైరు. ఈసారి నా పిరికితనం కాదు, అలవాటూ కాదు. నిజంగానే వైరు ఊడింది. బిళ్ళ నుంచి ఊడిన కొస చట్రం పక్కన వేలాడుతోంది, నాకు నాలుగడుగుల దూరంలో. అంటించడానికి రెండు నిమిషాలు చాలు. టీచరమ్మ నా వైపు ఒకసారి చూసింది, కళ్లు మూసుకుంది.

అక్క ఆపలేదు. చేతులు అదే వరసలో కదులుతున్నాయి. పుల్లలు పడుతున్నాయని కనబడుతోంది, వినబడటం లేదు. ఫ్యాను చప్పుడొక్కటే ఉంది. మైకుసెట్టు వాడి బతుకులో ఇంతకంటే అవమానం లేదు. తన కళ్లెదుట, తన సామానుతో, తన అక్క మూగబోయింది. లేచి బాగుచేస్తే తప్పని ఎవరంటారు? ఇది సాయం కాదా అని నాకు నేనే వాదించుకున్నాను. ఆఫీసు సభలో మైకు వెనక్కి తీసుకున్నప్పుడు కూడా సరిగ్గా ఈ వాదనే నా నోటిదాకా వచ్చిందని అప్పుడు తట్టింది. గ్లాసులు రెండూ గట్టిగా పట్టుకున్నాను. చేతులు నొప్పెట్టాయి.

గోనెసంచి మీద కూర్చున్న మూటల మనిషి ఒకాయన లేచాడు. వెళ్లి ఫ్యాను ఆపేశాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

అప్పుడు వినబడింది. వాన కాదు, వాన కంటే చాలా చిన్నది. పుల్లకు పుల్ల రాసుకునే చప్పుడు. అరచెయ్యి చెక్క మీద జారే చప్పుడు. బద్ద మీద బద్ద మెత్తగా కూర్చునే చప్పుడు. అక్క తన పని చేస్తూ ఇన్నేళ్లూ విన్నది ఇదే, నా స్పీకర్లలోది కాదు. పాతికమంది విద్యార్థులూ మూటల వాళ్లూ ఊపిరి బిగబట్టి ముందుకు జరిగారు. మైకు లేకుండా ఒక గోదామంతా ఒక మనిషిని వినడం నేను మొదటిసారి చూశాను. నా కొట్టు భవిష్యత్తు గురించి కొంచెం బెంగ కూడా కలిగింది.

చివరి బద్ద పెట్టింది. మర బిగించింది. అరచేత్తో రెండుసార్లు తట్టింది.

నేను గ్లాసులు కింద పెట్టాను. ఒక్క చుక్క కూడా ఒలకలేదని మా ఆవిడ వంగి నేల చూసి మరీ నిర్ధారించుకుంది. ఆ తర్వాత ఒక విద్యార్థి వచ్చి, ఆ నీళ్ల గ్లాసుల అంతరార్థం ఏమిటని తమిళంలో అడిగాడు. మా ఆవిడ నాకు అవకాశం ఇవ్వకుండా, "కాపురం" అని చెప్పింది. అతను నోట్సులో రాసుకున్నాడు.

తిరుగు బస్సులో అక్క కిటికీ పక్కన, నేను ఆమె పక్కన కూర్చున్నాం. చట్రం అక్క ఒళ్లో ఉంది. మా ఆవిడ వెనక సీట్లో అప్పుడే కునుకు తీస్తోంది.

"వైరు ఊడినాది నాకు తెలుసురా" అంది అక్క. కొంతదూరం పోయాక, "నువ్వు లేస్తావేమోనని చూస్తా ఉంటిని" అంది.

"లేయలేదు గదక్కా."

"ఆ. లేయలేదు."

ఇన్నేళ్లూ అడగని మాట అప్పుడు అడిగాను. ఆ రోజు ఆఫీసులో లేచి ఏం చెప్పాలనుకుందని.

అక్క నోరు తెరిచింది, ఆగింది. బయట నల్లరేగడి పొలాలు పోతున్నాయి. నేను కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను. సాత్తూరు వచ్చింది. దోసకాయలమ్మే ఆవిడ కిటికీ కింద బుట్ట ఎత్తి చూపించింది, మేం కదలకపోతే పక్క కిటికీకి పోయింది. బస్సు బయల్దేరింది. నాలుక చివర నాలుగు మాటలున్నాయి, నాలుగూ మింగాను.

"నా సట్టం అడగాలనుకుంటిని" అంది అక్క. "కుడిపక్క మూలలో మేకు పోతే … నా చీర అంచు చించి కట్టినా. నేను పుల్లలు పేర్చినది దాంట్లోనే, ఇరవై ఏండ్లు. … అయ్యా, ఈ ఒక్క సట్టం నాకిచ్చేయండి, ఇంటికి ఎత్తుకొని పోతా … అని."

ఆ యజమాని అడిగితే కాదనే మనిషి కాదు. ఇచ్చేవాడే. నా నోటితో నేనే దాన్ని పొయ్యిలోకి తోశాను. అక్క ఒళ్లో ఉన్న చట్రం ఎవరిదో, ఏ ఆడమనిషిదో. తిప్పి తిప్పి మూల చూసినప్పుడు, అన్నీ ఒకటే కదా అని ఆమెతో అన్నవాణ్ణి నేను.

అక్క ముందు సీటు కమ్మీ మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది.

అంటే నిండిందని. ఇక నేను మాట్లాడవచ్చునని. కోవిల్‌పట్టి వచ్చేదాకా నాకు ఒక్క మాట దొరకలేదు.